సిలిండర్ గొంతు ఇరుగ్గా ఉంటే: రీమర్ పట్టే ముందు

కిందటి నెల ఈ శీర్షికలో రివాల్వర్ బ్యారెల్లో సీసం ఎందుకు పేరుకుంటుందో నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం అడిగాయి: సిలిండర్ త్రోట్‌లను (బుల్లెట్ బయటికి దూరే గొంతులను) ఇంట్లోనే రీమర్‌తో (రంధ్రాన్ని కొద్దికొద్దిగా కోసి పెద్దది చేసే పనిముట్టుతో) పెద్దవి చేసుకోవచ్చా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. కొలతలన్నీ థౌలలో చెప్తాను. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. బాలానగర్ టూల్ రూముల్లో పని నేర్చుకున్న నాకు ఆ మాటే నోటికి వస్తుంది.

ప్రశ్న: మాస్టారూ, నా దగ్గర .45 కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వర్ ఉంది. సీసం బుల్లెట్లు కాలిస్తే యాభై రౌండ్లు తిరక్కుండానే బ్యారెల్ మొదట్లో సీసం పొర కట్టేస్తోంది, పాతిక గజాల్లో టార్గెట్ మీద గుండ్లు పడ్డ గ్రూపు అన్నం పళ్ళెమంత వెడల్పు వస్తోంది. రాగి తొడుగున్న జాకెటెడ్ బుల్లెట్లతో ఇంత గొడవ లేదు. రేంజ్‌లో ఒక పెద్దాయన చూసి "త్రోట్‌లు టైట్‌గా ఉన్నాయి, రీమర్ కొనుక్కుని తిప్పేసుకో, గంట పని" అన్నారు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, చేతిపని అలవాటు తక్కువ. నా వల్ల అవుతుందా? (ఆస్టిన్, టెక్సస్)

జవాబు: అవుతుంది బాబూ. కానీ ఆయన చెప్పిన గంట పనికి ముందు రెండు సాయంత్రాల పని ఉంది, అది కొలవడం. అది చేయకుండా రీమర్ ఆర్డర్ పెట్టకండి.

ముందు లోపల జరిగేది చెప్తాను. తూటా చాంబర్లో కూర్చుంటుంది కదా, ఇత్తడి కేసు మూతి ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి సిలిండర్ ముందు ముఖం దాకా ఉండే సన్నని భాగమే త్రోట్. మనం గొంతు అనుకుందాం. బుల్లెట్ కేసులోంచి ఊడి ఆ గొంతులోంచి దూరి, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు దాటి, ఫోర్సింగ్ కోన్‌లోకి (బ్యారెల్ వెనక చివర గరాటు లాంటి మూతి), అక్కణ్ణుంచి బ్యారెల్ లోపల మెలికగా చెక్కిన గాడుల్లోకి వెళ్తుంది. ఇప్పుడు మీ బుల్లెట్ 452 థౌలు, బ్యారెల్లో గాడి అడుగు నుంచి ఎదుటి గాడి అడుగు దాకా 451, గొంతు మాత్రం 449 అనుకోండి. బుల్లెట్ గొంతులో నలిగి 449 అయిపోయి, తనకంటే రెండు థౌలు పెద్దదైన బ్యారెల్లోకి వస్తుంది. సీసం తనంతట తాను తిరిగి ఉబ్బదు. వెనక నుంచి మండే గ్యాసు ఆ సందులోంచి బుల్లెట్ పక్కలు కోసుకుంటూ ముందుకు దూసుకుపోతుంది, అలా కోసిన సీసమంతా బ్యారెల్ మొదట్లో అంటుకుంటుంది. మీకు సరిగ్గా అక్కడే పడుతోందని రాశారు కాబట్టి ఆ పెద్దాయన అనుమానం సబబైనదే. జాకెటెడ్ బుల్లెట్‌లో ఇదంత కనబడదు, రాగి అంత సులువుగా కోసుకుపోదు మరి.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. సీసం పడుతోంది కదా అని ఇంకా గట్టి సీసం బుల్లెట్లు కొంటారు. .45 కోల్ట్ తక్కువ పీడనం తూటా, ప్రామాణిక గరిష్ఠం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లే. స్వచ్ఛమైన సీసం గట్టిదనం బ్రినెల్ కొలతలో 5 దగ్గర ఉంటుంది, లైనోటైపు మిశ్రమం (పాత అచ్చు యంత్రాల్లో అక్షరాలు పోసే సీసం) 22 దాకా పోతుంది. కాస్త మెత్తటి బుల్లెట్ అయితే వెనక పీడనానికి అడుగు కొంచెం విచ్చుకుని గాడులను మూసే అవకాశమన్నా ఉంది, రాయిలాంటి గట్టి బుల్లెట్‌కి ఈ పీడనం దగ్గర ఆ అవకాశమూ లేదు. డబ్బు పెట్టి సమస్య పెంచుకున్నట్టవుతుంది.

.45 కోల్ట్‌లోనే ఈ తికమక ఎక్కువ ఎందుకంటే దీని వయసు. 1873లో వచ్చిన తూటా ఇది. పాత రోజుల్లో బ్యారెళ్ళు 454 థౌల గాడులతో ఉండేవి, తరవాత .45 ఏసీపీతో (పిస్టళ్ళలో వాడే తూటా) కలిసేట్టు 451కి దిగాయి. బ్యారెల్ కొలత, సిలిండర్ కొలత, బుల్లెట్ కొలత మూడూ ఒకేసారి మారలేదు, ఆ తేడాలన్నీ ఇవాళ కొన్నవాడి నెత్తిన పడుతున్నాయి.

ఇక కొలవడం. మొట్టమొదట రివాల్వర్ ఖాళీ చేయండి, ఆరు చాంబర్లూ కళ్ళతో చూడండి, వేలుతో తడమండి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేసి రండి. సిలిండర్ బయటికి తీసి గొంతుల్లో పట్టిన సీసం, మసి బాగా శుభ్రం చేయండి. మురికి మీద కొలిస్తే ఆరు థౌలైనా అబద్ధం చెప్తుంది. తరవాత మీ 452 బుల్లెట్ ఒకటి తీసుకుని ముందు వైపు నుంచి గొంతులో పెట్టి వేలితో నెట్టండి. వేలి ఒత్తిడికి కొంచెం మొరాయిస్తూ దిగితే గొంతు బాగున్నట్టే, రీమర్ సంగతి మరచిపోండి. జారి కింద పడిపోతే గొంతు వదులు, ఆ జబ్బుకి రీమర్ మందు కాదు. అసలు దిగకుండా, సుత్తీ కర్రముక్కా కావాల్సి వస్తే ఇరుకు. ఆరింటికీ ఇలా చూడండి, ఒకటి ఇరుగ్గా ఇంకొకటి బాగుండటం మామూలే, అప్పుడు గ్రూపు ఆరు చోట్ల పడటంలో ఆశ్చర్యం లేదు.

అంకె కావాలంటే పిన్ గేజులు (కచ్చితమైన కొలతకి చేసిన ఉక్కు పుల్లలు) కొనండి: 449 నుంచి 453 దాకా, ఒక్కో థౌ తేడాతో అయిదు చాలు. పెద్ద ఖర్చు కాదు. డిజిటల్ వెర్నియర్‌ను ఈ పనికి నమ్మకండి, దాని పొరపాటే అటూ ఇటూ ఒక థౌ ఉంటుంది, మనం వెతికేదే ఒకటో రెండో థౌలు. బ్యారెల్‌కి మెత్తటి సీసం ముక్క (చేపల గేలానికి కట్టే సీసం గుండు బాగా పనికొస్తుంది) నూనె రాసి మూతి వైపు నుంచి ఇత్తడి కడ్డీతో మెల్లగా కొడుతూ మొత్తం దాటించి, బయటికి వచ్చిన ముక్కను మైక్రోమీటర్‌తో కొలవండి. ఆరు గాడుల బ్యారెల్ అయితే ఎదురెదురు గాడులు ఉంటాయి కాబట్టి సులువు. స్మిత్ అండ్ వెసన్ లాంటి అయిదు గాడుల బ్యారెల్‌కి మామూలు మైక్రోమీటర్ సరిపోదు, వి ఆకారపు అన్విల్ ఉన్నది కావాలి.

రాసుకోవాల్సింది రెండే అంకెలు, గాడి కొలత, గొంతు కొలత. గొంతు గాడి కంటే అర థౌ నుంచి ఒకటిన్నర థౌ దాకా పెద్దగా ఉండాలి. 451 బ్యారెల్‌కి 452 లేదా 452.5 గొంతు మంచి జోడీ. మీది 449, 450 తేలితేనే రీమర్.

రీమర్ అంటే ఏదో ఒక రీమర్ కాదు. ఈ పనికే తయారు చేసిన, పైలట్ (ముందు నడుస్తూ దారి చూపే నున్నటి ముక్కు) ఉన్న త్రోట్ రీమర్ తీసుకోండి, .45కి మామూలుగా 452.5కి కోసేది దొరుకుతుంది. దాని ముక్కుకి మార్చుకునే పైలట్లు రెండు మూడు సైజుల్లో వస్తాయి, మీ గొంతులో ఆడకుండా పట్టేది ఎంచుకోవాలి. వెనకాల చాంబర్లో కూర్చునే గైడ్ బుష్ కూడా ఉంటే, చేయి తిరగని వాళ్ళకి అది ప్రాణం లాంటిది, రీమర్ వంకర పోకుండా అదే కాపాడుతుంది. మెషిన్ షాపుల్లో వాడే మామూలు చకింగ్ రీమర్ కొనకండి, చేత్తో తిప్పితే దానికి దారి చూపించేది ఏదీ ఉండదు.

సిలిండర్‌ను వైస్‌లో బిగిస్తే తోలు ముక్కో మెత్తటి చెక్కో అడ్డం పెట్టి, కదలకుండా ఉండేంత మాత్రమే బిగించండి. గట్టిగా నొక్కితే రంధ్రం కోడిగుడ్డు ఆకారం తిరుగుతుంది, వదిలాక కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. నేనైతే ఎడమ చేత్తోనే పట్టుకుని తిప్పుతాను. పక్కకి తెరుచుకునే సిలిండర్ ఉన్న డబుల్ యాక్షన్ రివాల్వర్ అయితే ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసులను బయటికి నెట్టే భాగం) ముందే తీసి పక్కన పెట్టండి. రీమర్‌ను చాంబర్ వెనక వైపు నుంచి పంపాలి. కటింగ్ ఆయిల్ ధారాళంగా, ట్యాప్ హ్యాండిల్‌తో, కుడివైపుకి మాత్రమే. లోపలికి పోయేటప్పుడూ కుడికే, బయటికి లాగేటప్పుడూ కుడికే తిప్పుతూ లాగాలి. ఎడమకి ఒక్క చుట్టు తిప్పినా ఇనుప రజను పంటి వెనకాల ఇరుక్కుని అంచు దెబ్బతింటుంది, గొంతు గోడ మీద గీతలు కూడా పడతాయి. బాలానగర్‌లో నేను చేరిన మొదటి వారంలో ఇదే తప్పు చేసి కొత్త రీమర్ పాడుచేశాను, మా ఫోర్‌మన్ తిట్టలేదు, ఆ రీమర్‌నే మధ్యాహ్నం దాకా నా చేతిలో పెట్టి పళ్ళు ఒక్కొక్కటీ భూతద్దంలో చూడమన్నాడు. అప్పటి నుంచి నా చేయి ఎడమకి తిరగలేదు.

బలం పెట్టకండి, రీమర్ బరువు, మీ వేళ్ళ బరువు చాలు. ప్రతి రెండు మూడు చుట్లకీ తీసి, రజను తుడిచి, మళ్ళీ నూనె పెట్టి పంపండి. కోత అయిపోగానే చేతికి తెలుస్తుంది, తిప్పడం ఒక్కసారిగా తేలికవుతుంది, అక్కడితో ఆపి తీసేయండి. ఒక్కో గొంతుకి పది నిమిషాలు పట్టినా తొందరేం లేదు. కడిగి తుడిచాక 452 పిన్ దిగాలి, 453 దిగకూడదు. రీమర్ గీతలు చేతికి తగిలితే, చీల్చిన చెక్క పుల్లకి 600 నంబరు ఎమెరీ కాగితం చుట్టి నాలుగు సార్లు ఆడించండి, అంతే, అయిదోసారి వద్దు.

చేయి వణుకుతుందేమో అన్న టెన్షన్ ఉంటే ఇంకో దారి ఉంది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అమెరికా చట్టం లెక్కలో తుపాకీ అంటే ఫ్రేము, సిలిండర్ విడిభాగం మాత్రమే. ఉత్త సిలిండర్‌ను పోస్టులో పంపితే ఈ ఒక్క పనే చేసి తిరిగి పంపే గన్‌స్మిత్‌లు ఉన్నారు. ఒక్క రివాల్వర్ కోసం రీమర్, పైలట్లు కొనే ఖర్చుకీ దానికీ పెద్ద తేడా ఉండదు. నన్ను అడిగితే, మీ దగ్గర ఒక్కటే ఉంటే పంపించేయండి, మైక్రోమీటరూ పిన్నులూ మాత్రం కొనుక్కోండి, తిరిగొచ్చాక కొలిచి చూసుకోవాలి కదా.

ప్రశ్న: రీమర్ ఖరీదు చూసి గుండె ఆగింది. డ్రిల్ మెషిన్‌కి పుల్ల బిగించి, గరుకు కాగితం చుట్టి తిప్పితే ఒకటి రెండు థౌలు రావా అన్నగారూ? (షార్లెట్, నార్త్ కరోలినా)

జవాబు: వస్తాయి తమ్ముడూ, ఎక్కడ వస్తాయో మీ చేతుల్లో ఉండదు. కాగితం గొంతు అంచుల దగ్గర ఎక్కువ తింటుంది, మధ్యలో తక్కువ, రెండు చివర్లూ గంట మూతిలా విచ్చుకుంటాయి. పైగా ఆరు గొంతులూ ఆరు రకాలుగా వస్తాయి. మా పేటలో ఒకాయన ఇలా చేసిన సిలిండర్ తెచ్చి చూపిస్తే నాకు నిజంగా బాధేసింది, ఒక గొంతు 452, దాని పక్కది 456. ఆ 456ని ఇక ఎవరూ చిన్నది చేయలేరు. కొత్త సిలిండర్ అంటే కంపెనీ వాళ్ళే ఆ ఫ్రేముకి అమర్చి, టైమింగ్ (ప్రతి చాంబరూ బ్యారెల్‌కి సరిగ్గా ఎదురొచ్చి ఆగడం) చూసి ఇవ్వాలి. అర థౌ తేడా ఉన్న ఒక్క గొంతును చేత్తో, మెత్తటి కాగితంతో, పదే పదే పిన్‌తో చూసుకుంటూ సరిచేయడం వేరే సంగతి. డ్రిల్‌తో మాత్రం వద్దు.

ప్రశ్న: త్రోట్‌లు రీమ్ చేయించాను, ఆరూ 452.5 వచ్చాయి, బుల్లెట్లు 452కి సైజ్ చేస్తున్నాను. సీసం తగ్గింది కానీ పోలేదు. ఎక్కడ తప్పు చేశాను? (ఫీనిక్స్, అరిజోనా)

జవాబు: మీరేం తప్పు చేయలేదు. బ్యారెల్‌ను ఫ్రేములోకి మరతో బిగిస్తారు కదా, ఆ బిగింపుకి మర ఉన్నంత మేర బ్యారెల్ లోపలి రంధ్రం ఒకోసారి ఒక థౌ దాకా నలిగిపోతుంది. దాన్ని థ్రెడ్ చోక్ అంటారు. బుల్లెట్ గొంతు దాటి హాయిగా వచ్చి, ఫోర్సింగ్ కోన్ దాటగానే ఈ ఇరుకులో మళ్ళీ నలిగి, తరవాత వదులు బ్యారెల్లో పడుతుంది. కథ మళ్ళీ మొదటికే.

పట్టుకోవడం సులువు. సీసం ముక్కను మూతి వైపు నుంచి కడ్డీతో నెడుతూ రండి, సుత్తితో కాదు, చేత్తో. దాదాపు అంతా ఒకేలా జారుతూ వచ్చి ఫ్రేము దగ్గరికి రాగానే ఆగి, గట్టిగా నెట్టాల్సి వస్తే అదే. దానికి కొందరు ఫైర్ ల్యాపింగ్ చేస్తారు: సన్నని అరగదీసే పొడి పూసిన సీసం బుల్లెట్లను తక్కువ తుపాకి మందుతో కాల్చడం. గొంతులు పెద్దవి చేశాకే అది పనిచేస్తుంది, ముందు చేస్తే ల్యాపింగ్ బుల్లెట్ కూడా గొంతులోనే చిక్కిపోయి ఉపయోగం ఉండదు కాబట్టి మీరు సరైన వరుసలోనే ఉన్నారు. అయితే మొదటిసారి చేసేవారు గన్‌స్మిత్‌కి చూపించి చేయించుకోవడమే నా సలహా.

ప్రశ్న: నేను హెచ్-1బి మీద ఉన్నాను. స్నేహితుడి రివాల్వర్ మా గ్యారేజ్‌లో ఉంచుకుని ఇద్దరం కలిసి ఈ పని చేద్దామనుకుంటున్నాం. పర్వాలేదా? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ఆగండి. ఈ ఉత్తరం చదివి రాత్రే జవాబు పంపాను, మిగతావాళ్ళకి కూడా తెలియాలని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 ఇవన్నీ నాన్-ఇమిగ్రెంట్ వీసాలు. ఆ వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. మినహాయింపులు కొన్నే. వాటిలో మనవాళ్ళకి ఎక్కువగా వర్తించేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది లేకుండా మీ గ్యారేజ్‌లో రివాల్వర్ ఉంటే నేరమే, శిక్ష 15 ఏళ్ళ దాకా ఉండొచ్చు, ఇమిగ్రేషన్ సంగతి సరేసరి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది, అక్కడ నింపే ఫారంలో ఈ ప్రశ్న అడిగితే అబద్ధం రాయకండి. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ నిషేధం లేదు. మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో లాయర్‌ని అడగండి, స్నేహితుణ్ణి కాదు. ఇంకో మాట, సొంత రివాల్వర్ మీద పని చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు గానీ, ఊళ్ళో వాళ్ళవి డబ్బు తీసుకుని వ్యాపారంగా చేస్తే ఫెడరల్ లైసెన్సు ఉండి తీరాలి. ఇది పౌరులకీ వర్తిస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారికి లైసెన్సు ఉన్న .32 రివాల్వర్ ఉంది, పొలం దగ్గర కాపలా కోసం తీసుకున్నారు. ఈమధ్య గురి సరిగ్గా రావట్లేదంటున్నారు. మా ఊళ్ళో లేత్ పని బాగా తెలిసిన మేస్త్రి ఉన్నాడు, మీ వ్యాసం చూపించి అతనితో చేయించనా? (తూర్పు గోదావరి జిల్లా)

జవాబు: చేయించకండి బాబూ. మేస్త్రి పనితనం గురించి నాకు ఏ అనుమానమూ లేదు, మన లేత్ మేస్త్రీల చేతిలో ఉన్న నేర్పు నేను కళ్ళారా చూశాను. కానీ భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం, దాని 5వ సెక్షన్ కింద, లైసెన్సు లేకుండా తుపాకీ బాగుచేయడమే నేరం. 2019 సవరణ తరవాత ఆ నేరానికి శిక్ష కనీసం 7 ఏళ్ళు. మేస్త్రి జీవితం పోతుంది, నాన్నగారి లైసెన్సూ పోతుంది. పైన ఆస్టిన్ ఆయనకి చెప్పిందంతా అక్కడి చట్టం కింద, అక్కడి మనిషికి చెప్పింది.

మరమ్మతు లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణానికి తీసుకెళ్ళండి. తీసుకెళ్ళాల్సింది మీరు కాదు, లైసెన్సు ఎవరి పేరున ఉందో వారే, అంటే నాన్నగారే, లైసెన్సు పుస్తకం వెంటపెట్టుకుని. దానికి ముందు ఒకసారి అడగండి, ఆఖరిసారి శుభ్రం చేసింది ఎప్పుడని. ఏళ్ళ తరబడి బీరువాలో ఉండి, ఏడాదికి నాలుగు తూటాలు పేలే రివాల్వర్‌కి చాలాసార్లు కావాల్సింది రీమర్ కాదు, ఇత్తడి బ్రష్షూ నూనే. అది ఖాళీ చేసి నాన్నగారు ఇంట్లోనే చేసుకోవచ్చు.

ప్రశ్న: నమస్తే మాస్టారూ. మావారు గ్యారేజ్‌లో సీసం కరిగించి బుల్లెట్లు పోస్తారు, ఇప్పుడు సిలిండర్ కూడా అక్కడే ముందు పెట్టుకు కూర్చున్నారు. మా బాబుకి మూడేళ్ళు. భయపడాల్సిన పని ఉందా? ఆయన నవ్వేస్తున్నారు. (అట్లాంటా)

జవాబు: అమ్మా, మీ భయం సరైనది, ఈ జవాబు ఆయనకి చదివి వినిపించండి. పిల్లల రక్తంలో సీసం ఇంత ఉంటే పర్వాలేదు అనే మట్టం ఏదీ లేదు. అమెరికా ఆరోగ్య అధికారులు 2021లో హెచ్చరిక అంకెను డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములకి తగ్గించారు, అంత కొంచెం అన్నమాట.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆ వేడి దగ్గర ఆవిరి కంటే, పైన తేలే బూడిదలాంటి తెట్టు ఎక్కువ ప్రమాదం. దాన్ని గీకి తీసినప్పుడు దుమ్ము లేస్తుంది, నేల మీద పడుతుంది, చెప్పులకి అంటి ఇంట్లోకి వస్తుంది, పాకే పిల్లల చేతికి, నోటికి చేరుతుంది. కాల్చిన రివాల్వర్ మీది మసిలోనూ సీసం ఉంటుంది, ప్రైమర్‌లోనిది (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు), బుల్లెట్‌లోనిది రెండూ. రీమర్ తిప్పినప్పుడు వచ్చే నూనె, రజనులో కూడా అదే మసి కలిసి ఉంటుంది.

చేయాల్సింది ఏమిటంటే, గ్యారేజ్ చెప్పులు గ్యారేజ్‌లోనే ఉండాలి. చీపురు పట్టకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయాలి. ఆ బట్టలు బాబు బట్టలతో కలిపి ఉతకకూడదు. చేతులు సబ్బుతో చన్నీళ్ళలో కడుక్కున్నాకే తినడం, బాబుని ఎత్తుకోవడం. సీసం కరిగించే కుండ దగ్గరికి నీటి చుక్క రాకూడదు, పడితే ఆవిరై సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. వంటగది గిన్నెలు, గరిటెలు అటువైపు పోకూడదు, పోయినవి తిరిగి రాకూడదు. ఈ వారమే ముగ్గురూ రక్తపరీక్ష చేయించుకోండి, పిల్లల డాక్టర్‌ని అడిగితే రాసిస్తారు. బాబు అంకె వచ్చాక నాకు రాయండి.